మోకాళ్ళ మీద మావయ్య

చిరంజీవి సెవెరిన్‌కి మేనత్త పెత్రొనెలా ఆశీస్సులు.

నువ్వు గీస్తున్న కోట ముట్టడి బొమ్మకి పాతకాలపు దుస్తులు కావాలన్నావుగా! మీ ఒనుఫ్రి మావయ్య పండగ కోటు, పట్టు నడికట్టు, కత్తి పంపిస్తున్నాను. బదులుగా, చనిపోయిన ఆ మహానుభావుడి ముఖం బొమ్మలో ఉండాలి. వెనక గుంపులో ఇరికించావో, ఊరుకోను.

ఇట్లు, మీ అత్తయ్య.

తా.క.: కోటు జేబులు నేనే ఖాళీ చేశాను. నువ్వు వెతకనక్కర్లేదు.

---

క్రాకోవ్

అత్తయ్యగారికి నమస్కారాలు.

మావయ్య ముందువరసలోనే ఉన్నారు. మోకాళ్ళ మీద. గురువారం ప్రదర్శన. చలి ఎక్కువ, మీరు రాకండి.

విధేయుడు, సెవెరిన్.

తా.క.: ఆయన చేతిలో ఒక సంచి ఉంది.

---

నా బంగారు సెవెరిన్‌కి,

మోకాళ్ళ మీదంటే ప్రార్థన! సంచి అంటే పేదలకి దానం! చదివి ఏడ్చేశాను. ఫాదరుగారు చర్చిలో అందరికీ చెప్పారు. ఊరంతా బళ్ళు కట్టుకుని వస్తున్నాం.

ప్రేమతో, అత్తయ్య.

తా.క.: చలేమిటిరా, నాకు బొచ్చు కోటు లేదనుకున్నావా?

---

అత్తయ్యగారూ, ముందు కూర్చోండి.

మావయ్య ప్రార్థించడం లేదు. శత్రువుకి కోట తలుపు తీసి బంగారం పుచ్చుకుంటున్నారు. ఆయన ద్రోహి! నేనేం చెయ్యను? సేనాపతిని చేస్తే అబద్ధమాడుతున్నట్టున్నారు. బిషప్పుని చేస్తే పక్కచూపులు చూశారు. ద్రోహిని చేశాకే బొమ్మకి ప్రాణం వచ్చింది. నా బతుకంతా ఈ బొమ్మ మీదే ఉంది. మీకు దణ్ణం పెడతాను, బళ్ళు ఆపించండి!

మీ దిక్కులేని సెవెరిన్.

తా.క.: మరీ కష్టమైతే బొమ్మలో ఆయనకి గడ్డం వేసేస్తాను. ఎవరూ గుర్తుపట్టరు.

---

క్రాకోవ్ సత్రం నుంచి

ఒరేయ్ సెవెరిన్,

నీ ఉత్తరం బండెక్కుతుంటే అందింది. గొడుగు మొనతో బొమ్మని చీల్చేద్దామనే వచ్చాను. ప్రదర్శనలో నువ్వు తెర వెనక దాక్కున్నావు, బూట్లు కనబడ్డాయిలే.

తీరా ఎదురుగా నిలబడితే చెయ్యి లేవలేదురా. ఆ పక్కచూపు, ఆ వంకర నవ్వు! పొద్దుపోయాక ఇంటికొచ్చి, “గుర్రం కుంటింది పెత్రొనెలా” అనేవాడే, అచ్చం అదే ముఖం. నేను తప్ప ఎవరూ చూడలేదనుకున్నాను. బతికుండగా అనలేనివన్నీ అక్కడే నిలబడి అనేశాను. జనం నాది దేశభక్తి అనుకుని దారిచ్చారు. ఫాదరుగారు గౌరవంగా టోపీ కూడా తీశారు. ఇన్నేళ్ళకి నా గుండె బరువు దిగింది.

ఆ ముఖం మీద కుంచె పెట్టావో, చేతులు విరిచేస్తాను. గడ్డం మాటే ఎత్తకు.

ఇట్లు, మీ అత్తయ్య.

తా.క.: సంచి అందిస్తున్న మనిషికి ఇంకా ముఖం వెయ్యలేదేం? అక్కడ మా ఊరి డాక్టరు భార్య లుద్వికని పెట్టు. ఫోటో ఇందులో ఉంది. ఆ కోటు జేబులోదే.