బల్బు చెప్పని అంకె

చెల్లాయీ, మోకాళ్ళు తప్ప నేనంతా కులాసా. ఫ్రిజ్ మోటారు కాలి నీ ఇన్సులిన్ పాడైందని నీ ఉత్తరంలో చదివి, వెంటనే విడిభాగాల కొట్టుకు వెళ్ళాను. వోల్టేజీని అంకెల్లో చూపే మీటరు, ఉన్నవాటిలో చవకది ఇమ్మన్నాను. దాన్ని వెలిగించడానికి వేరే కరెంటు కావాలని ఎప్పుడో చదివిన జ్ఞానంతో బ్యాటరీ కూడా అడిగాను. కొట్టామె నవ్వింది.

"దీనికి వేరే మేత ఎందుకు బాబాయ్? కొలిచే లైనులోనే రెండు చుక్కలు తాగి బతికేస్తుంది."

కొట్టు లైనుకు రెండు తీగలు తగిలించగానే అగ్గిపెట్టెంత పెట్టెలో ఎర్రగా 171 వెలిగింది; ఉండాల్సింది 230 అట. ఏరు లోతు చెప్పడానికి ఆ ఏటి నీళ్ళే తాగే జీవిని ఇన్నేళ్ళకు చూశాను! పైన బల్బు మాత్రం పున్నమి చంద్రుడే.

"ఈ కొత్త బల్బులంతే, కరెంటు నీరసపడ్డా మొహం మాడ్చుకోవు" అంది.

ఆ నీరసపు కరెంటే ఫ్రిజ్ మోటారును కాలుస్తుందట. పోయిన నెల మీ బల్బు చూసి, "కరెంటు దివ్యంగా ఉంది, ఫ్రిజ్ వేయి" అన్నది నేనేగా!

మీటరు పార్సిల్‌లో వస్తోంది. బావగారిని వేలు పెట్టనివ్వక కరెంటు మేస్త్రీ చేత బిగించు. అంకె 190 కిందికి దిగితే ఫ్రిజ్ ఆపి, మందును తడిగుడ్డ చుట్టిన కుండలో దాచు. మేనకోడలి దగ్గు తగ్గిందా? నా కళ్ళద్దాల పెట్టె అక్కడుందేమో చూడు. అందరికీ దీవెనలు. ఇకమీదట అన్నయ్య చెప్పాడని కాదు, అంకె చెప్పిందని ఫ్రిజ్ వేయి తల్లీ.