అట్ట కింద ఇద్దరు మనుషులు

అమీర్‌పేట,
శనివారం

ప్రియమైన సుశీలక్కకు,

ప్రభువు కాపుదలలో తమ్ముడు బాగున్నడు. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావ, పిల్లలు బాగున్నరా? నా తిండికి ఫికర్ చెయ్యకు. మెస్సు కూరకు రుచి లేదు గని కడుపు నిండుతుంది.

పంజాగుట్ట ఫ్రేముల దుకాణంల కుదిరి నాలుగు నెలలాయె. పది దినాల కింద ఒక కోచింగ్ సెంటర్ మేడం ఫ్రేము కట్టమని ఒక బొమ్మ తెచ్చింది. అమెరికాల నూటయాభై ఏండ్ల కింద అచ్చేసి, ఇంటింటి గోడలకు అగ్గువ ధరకు అమ్మేటోళ్ళంట. అడవి అంచున కొత్త ఊరు, బడి, బండ్లు, రైలు, ముందర అంతా బయలు. దేవుడు తన జనానికిస్తనన్న కనాను దేశం ఇదే అనుకున్న. ఫ్రేము కట్టి, ఫోన్ల ఫోటో తీసి, పోయిన ఆదివారం ప్రార్థనల బోధ చేసుకుంట చూపెట్టిన.

మధురానగర్‌ల మా సంఘం మందిరానికి ప్లాటు కొన్నది. దాని మూలకు ఇస్త్రీ యాదమ్మ రేకుల షెడ్డు ఇరవై ఏండ్ల సంది ఉన్నది. ఖాళీ జాగను దేవుడు తన జనానికిచ్చిండు, అడ్డమున్నది తీసెయ్యాలె అని గొంతు చించుకున్న. అందరు ఆమెన్ అన్నరు. వచ్చే వారమే షెడ్డు తీపిద్దమని పెద్దలు తీర్మానం చేసిన్రు.

తెల్లారి బట్టలకు పోతే యాదమ్మ, “నేను ఇస్త్రీ చేసిన అంగీ తొడుక్కొనే కద అయ్యగారూ, ఖాళీ జాగ అన్నవు” అన్నది. కోపమొచ్చి బైబిల్ వాక్యం ఎత్తి జవాబు చెప్పిన.

నిన్న మేడం బొమ్మ చూసి, “గుర్రాల మీద ఇద్దరుండాలె. వాళ్ళేరి?” అన్నది. బొమ్మ చుట్టూ పెట్టే అట్టను, అటు దిక్కు పొగే కదా అని, నేనే రెండు వేళ్ళు వెడల్పుగ కోసి ఆ అంచును కప్పిన. విప్పి చూస్తె, అక్కా, రైలు పొగంతా వాళ్ళ మొఖాల మీదికే కొడుతుంది. వాళ్ళు అమెరికా ఆదివాసులంట, ఆ నేల ముందు సంది వాళ్ళదేనంట. గీసినాయన వాళ్ళను పొగల పెట్టిండు, నేను అట్ట కిందికి తోసిన. రాజు గుంజుకున్న నాబోతు ద్రాక్షతోట సంగతి ఎన్నిమార్లు బోధించిన, ఆ రాజును నేనే అయితనని ఎన్నడు అనుకోలే.

రేపు అందరి ముందర నాది తప్పని చెప్తనంటే, చెప్తె ఇగ బోధకు నిలబడకు అన్నరు పెద్దలు. ఈ పట్నంల నాకున్నది ఆ నిలబడే చోటొక్కటే. అయినా చెప్త. నా కోసం మోకరించు. నొప్పి ఉంటే కూసోనే చెయ్యి. అమ్మకు, పెద్దనాయనకు వందనాలు. ఎవరన్న ఇటొస్తే జర కారప్పొడి పంపు.

పొద్దున ఈ సంగతి చెప్పి ఇస్త్రీకి అంగీ ఇయ్యబోతే యాదమ్మ తీసుకోలే. “చెప్పొచ్చినంక తే, చేస్త” అన్నది. రేపు ముడతల అంగీతోనే నిలబడత.

నీ దీవెన కోరే తమ్ముడు,
దేవదానం