గోడ మీద మామ పేరు

జూన్ 3
బాపు పోయి ఏడాది. ఊరు నీళ్ల కింద. ఊరు ఇచ్చేస్తామన్న ప్రాజెక్టు కాగితం మీద ఊళ్లో అందరికంటే ముందు సంతకం పెట్టింది ఎవరు? నన్ను కన్న అవ్వకు సొంత అన్న, మల్లయ్య మామ! ఆయన్ని చూసి ఒక్కొక్కరూ పెట్టారు. బాపు పెట్టలేదు. సిద్దిపేటలో ఈ కిరాయి ఇంట్లోనే గుండె ఆగింది.
ద్రోహికి క్షమ లేదు. నేను చదివిన ప్రతి కరపత్రంలోనూ ఉంది.

జూన్ 5
మా ఊరి నాటకాన్ని సినిమాగా తీశారు. తండ్రిని చంపించిన మేనమామ మీద కొడుకు పగ. ఊళ్లో ఇరవై ఏళ్లు కొడుకు వేషం బాపుది, చచ్చే వేషం మల్లయ్య మామది.
సినిమాలో కొడుకు చేతిలో తుపాకి. కాల్చగానే హాలంతా ఈలలు. నేనూ వేశాను.
ఇంటికొచ్చి చెప్తే అవ్వ— "సంపినంక ఏడ్సిండా?"
లేదు. అక్కడికే అయిపోయింది.
"గదేం ఆట? మీ బాపయితె మేనమామ పీనుగను ఒళ్లె పెట్టుకొని అర్ధగంట ఏడ్సెటోడు."
ఏడవడానికా పగ తీర్చుకునేది?

జూన్ 6
కరపత్రం రాసేశాను. 'ఊరిని ముంచిన మొదటి చెయ్యి'— ఇంటిపేరుతో సహా మామ పేరు. అచ్చు వేయించి, మైదా కాచి, బస్టాండు నుంచి మామ, మా ఊరివాళ్లు ఉండే ముంపు కాలనీ దాకా అంటించాను.

జూన్ 8
చాయ్ హోటల్లో మామ కూర్చోగానే పక్కవాళ్లు లేచిపోయారట. "సంతకం తాతా!" అని పిల్లల కేకలు.
మంచిదే… మంచిదే.

జూన్ 9
మామ వచ్చాడు. గడప దాటలేదు. చేతిలో నా కరపత్రం, నాలుగు మడతలు.
"అల్లుడా, మీ బాపు నన్ను ఇరవై ఏండ్లు సంపిండు. ఒక్కనాడు గూడ చెప్పకుండ సంపలే. తెరెనక అచ్చి, కాళ్లు మొక్కి, 'బావా, ఇగ సంపుతున్న' అనేటోడు. నేను కానియ్ అంటెనే కత్తి పట్టెటోడు."
కరపత్రం మడత విప్పి, మళ్లీ మడిచాడు.
"నువ్వు గూడ ఒక్కమాట చెప్తే అయిపోతుండె. కానియ్ అందును గద."
అవ్వ చాయ్ తెచ్చేసరికి వీధి చివర ఉన్నాడు.

జూన్ 10
అవ్వ నాతో మాట్లాడదు.

జూన్ 12
మామ కోహెడలో కూతురింటికి వెళ్లిపోయాడు. అన్నం ముట్టడం లేదట. అవ్వ సంచి సర్దుకుంది. "మా అన్న నోట్లె మెతుకు పడ్డనాడు అస్త. అందాక నీ పగనే వండుకొని తిను."

జూన్ 13
బస్టాండు గోడ గీకుతున్నాను. మైదా రాయిలా పట్టింది. గోర్లలో కాగితం, రక్తం. సంచి పట్టుకున్న ఒక ముసలాయన ఆగి, మిగిలిన అక్షరాలు కూడబలుక్కుంటూ—
"గీ మల్లయ్య ఎవలు బిడ్డా?"
మా మామ, అన్నాను.
"అయ్యో… గంతగనం ఏం జేసిండు?"