ఇసుక మీది జిగురు

మామయ్యా, బస్సు టైమైంది, వెళ్తున్నాను. పెరట్లో ఇసుక ఫిల్టర్‌లో రోజూ ఒక బిందె వాన నీళ్లు పోయండి. ధారగా కాదు, చిల్లుల పళ్లెం మీద మెల్లగా. ఇసుక మీద ఎప్పుడూ నాలుగు వేళ్ల ఎత్తున నీళ్లు నిలవాలి.

ఇసుక పైన జిగురు కనిపిస్తుంది. అది మురికి కాదు, నీళ్లలో క్రిముల్ని తినేది అదే. పోయినసారి మీరు సబ్బేసి తోమేశారు. అది మళ్లీ కట్టేదాకా ఇంటిల్లిపాదీ కాచిన నీళ్లే తాగాం. మీ చేతులు ఎలాగూ ఊరుకోవు, నా స్కూటర్ తోమండి.

ఆ, మర్చిపోయా. నేను మీ అబ్బాయి మీద అలిగి వెళ్లినప్పుడు, ఇల్లు అద్దంలా ఉంటే కోడలు తిరిగొస్తుందని తోమారట, అత్తయ్య చెప్పారు. ఈసారి ఆఫీసు పని మీదే వెళ్తున్నా. తోమకపోయినా వస్తాను.