మా స్టేషన్లో మెయిల్ ఆగింది

12 ఏప్రిల్ 1986, శనివారం

మే ఒకటి నుంచి మా స్టేషన్లో మెయిల్ ఆగుతుంది. ఆర్డర్స్ వచ్చేశాయి. ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించింది ముసునూరు మామిడితోటల బసవపున్నారావు గారు. ఫంక్షన్లో స్టేషన్ చరిత్ర ఒక పేజీ రాసి చదవాలని నాకు అప్పజెప్పారు. స్కూల్లో సోషల్ చెబుతాను, పైగా రిటైర్డ్ స్టేషన్ మాస్టర్ నరసింహం గారమ్మాయిని. తప్పించుకోలేను.

13, ఆదివారం

నాన్నని అడిగాను. తెల్లదొరల కాలంలో మామిడికాయ కోసమే కట్టారట. రెడ్డిగూడెం, చాట్రాయి నుంచి బళ్లు బారులు తీరేవట. ఎండాకాలమంతా ప్లాట్‌ఫారం మీద రసాల వాసనేనట. మనుషులకి మాత్రం ప్యాసింజరే దిక్కు. మెయిల్‌కి పచ్చజెండా ఊపి పంపడమే నా ఉద్యోగమమ్మా, అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క రాలలేదు.

20, ఆదివారం, సాయంత్రం

అసలు చరిత్ర వెంకాయమ్మ గారి దగ్గరుంది. బసవపున్నారావు గారి తల్లి ఈవిడ. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని ఆవిణ్ణి బండిలో స్టేషన్‌కి తెచ్చేసరికి ప్యాసింజర్ వెళ్లిపోయిందట. నాన్న ఎర్రజెండా పట్టుకుని పట్టాల మీద నిలబడ్డారట. మెయిల్ ఆగింది. గార్డు పెట్టెలో పడుకోబెట్టి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు.

"మీ నాన్నగార్ని సస్పెండ్ చేశారని నాకు తర్వాతెప్పుడో తెలిసిందమ్మా. ఆ రోజు కడుపులో ఉన్న మావాడు ఇవాళ ఇలా తిరుగుతున్నాడంటే ఆయన చలవే" అన్నారు.

ఇన్నేళ్లలో మా ఇంట్లో ఈ మాటే రాలేదు. వచ్చి అడిగితే నాన్న పేపర్ అడ్డం పెట్టుకున్నారు. అది రాయొద్దన్నారు. రూల్ తప్పాను కదా, అన్నారు.

30, బుధవారం

రాశాను.

1 మే, గురువారం

చదివాను. నాన్న తలెత్తలేదు. బసవపున్నారావు గారు స్టేజీ దిగొచ్చి, అందరి ముందూ ఆయన కాళ్లకి దండం పెట్టారు. నాన్న లేవదీయబోయి, ఆయన భుజం పట్టుకుని అలాగే ఉండిపోయారు.

అంతలో మెయిల్ వచ్చింది. నిజంగానే ఆగింది. నాన్న రైలు దగ్గరికెళ్లి పెట్టెని అరచేత్తో తట్టి చూశారు, గేదెని తట్టినట్టు. జనం నవ్వుతూ, మెళ్లో వేసిన దండతో సహా ఆయన్ని ఎక్కించేశారు. ఏలూరులో దిగి ప్యాసింజర్‌కి వచ్చేస్తానని అమ్మకి చెప్పారు. మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నారు.

2 మే

నాన్న ఏలూరులో దిగలేదు. పొద్దున్నే వాల్తేరు నుంచి స్టేషన్‌కి ఫోన్ చేయించారు. సముద్రంలో నుంచుంటే పంచె తడిసిందట. ఆరగానే బయల్దేరతారట.