ఉలి ఆగిన గంట

నంద్యాల స్టడీ సెంటర్ సార్‌కు,

ఆళ్లగడ్డ నుంచి మీ బీఏ విద్యార్థిని రాస్తున్నాను. దూరవిద్యను ఆన్‌లైన్ చేసి, పరీక్షలు కూడా ఇంట్లోనే రాయమన్నారు. మాది విగ్రహాలు చెక్కే వీధి. మొదటిసారి ఉలి చప్పుడు వినబడిందని పరీక్షను కంప్యూటరే రద్దు చేసింది. మీ సెంటర్‌కు ఫోన్ చేస్తే, "నిశ్శబ్దంగా ఉండే చోట కూర్చోమ్మా" అన్నారు. యాడ కూర్చునేది సార్?

నిన్న మా నాయన ఇంటింటికీ పోయి, "పాప పరీక్ష రాస్తాంది, ఒక గంట ఉలి ఆపండప్పా" అని బతిమాలాడు. అందరూ ఆపారు. పుట్టినప్పటి నుంచీ మా వీధిలో అంత నిశ్శబ్దం ఎరగను. ఆపారని తెలిసినా, ఏమైందోనని వాకిలి వైపు తల తిప్పాను. కెమెరాలో పక్కకు చూశానని మళ్లీ రద్దు!

నంద్యాలలో ఒక బెంచీ వేయించండి సార్, బస్సెక్కి వస్తాను. మళ్లీ వీధినంతా ఆపమని అడగలేను. రద్దయిందని ఇంట్లో చెప్పలేక, గంట అయ్యేదాకా కంప్యూటర్ ముందే కూర్చున్నాను.

అంతసేపూ బయట ఒక్కరూ ఉలి ముట్టలేదు.