వోల్టేజి పడదన్న పొయ్యి

చిరంజీవి చంటికి,

ఆశీస్సులు చివర్లో రాస్తాను, అప్పటికి కోపం తగ్గితే. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్‌లో నేను గట్టిగా రెండు మాటలు అనేసరికి నీకు సిగ్నల్ పోతుంది. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. ఇది మధ్యలో కట్ అవదు.

నిన్న నువ్వు అమ్మాయికి, అదే నీ భార్యకి, పంపిన వాయిస్ మెసేజ్ నేనూ విన్నాను. చాటుగా వినలేదు. అమ్మాయి గిన్నెలు కడుగుతూ స్పీకర్ పెట్టింది. "టీవీకి మంచి చెక్కపెట్టె చేయించు. హోమ్ థియేటర్ స్పీకర్లు ఒక్కటి కూడా తగ్గకూడదు. ట్రెడ్‌మిల్ విప్పించి పంపు. కాఫీ మిషన్ మర్చిపోకు. కంటెయినర్ ఖర్చు కంపెనీదే, మొహమాటపడకు. ఆ పళ్ళ పొయ్యి మాత్రం అమ్మేసెయ్, ఇక్కడ వోల్టేజి పడదు." అంతే. కాఫీ మిషన్‌ని మర్చిపోవద్దన్నవాడివి, తిన్నావా అని పెళ్ళాన్ని అడగడం మర్చిపోయావు. అమ్మాయి కాసేపు చేతులు ఆపి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

ఒరేయ్, వోల్టేజి గురించి నాకా చెబుతావు? రిటైరయ్యేదాకా కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని. అబద్ధం ఆడేవాడు ఇంట్లో ఎవరేం చదువుకున్నారో చూసుకుని ఆడాలి. నువ్వు వెళ్ళేటప్పుడు ఇక్కడి ఇస్త్రీపెట్టె పట్టుకెళ్ళావు. "ప్లగ్గు మార్చాను నానమ్మా, బ్రహ్మాండంగా కాలుతోంది" అని నువ్వే చెప్పావు. కెమెరా ముందు నిలబడి చొక్కా మడతలు కూడా చూపించావు. ఇస్త్రీపెట్టెలో ఉన్నదీ వేడెక్కే తీగే, ఆ పొయ్యిలో ఉన్నదీ వేడెక్కే తీగే. అక్కడి వోల్టేజి నిజంగా వేరే అయితే నీ చొక్కాలు ముడతలు పోకుండానైనా ఉండాలి, మాడిపోయైనా ఉండాలి. రెండూ కాలేదే! కరెంటుకి నీ చొక్కాలంటే ప్రేమా, నీ పెళ్ళాం పొయ్యి అంటే పగా?

"ఆ పళ్ళ పొయ్యి" అని ఎంత తేలిగ్గా అన్నావురా! మర్చిపోయినట్టున్నావు, గుర్తు చేస్తాను. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు. అమ్మాయి పింగాణీ పొడిని తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర పెట్టి పన్ను కడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు కొంచెం పెద్దగా కట్టాలి, ఆ పొయ్యిలో కాలేసరికి కుంచించుకుపోయి సరైన కొలతకి వస్తుంది. (మనుషుల్లో కొందరు కాలకుండానే కుంచించుకుపోతారు. ఎవరని రాయను.) నా కుడి దవడలో రెండు పళ్ళు అమ్మాయి చేసినవే. ఈ ఉత్తరం రాస్తూ పటపటా కొరుకుతున్నది వాటినే. ఇంతవరకూ చెక్కు చెదరలేదు. నీ పాత ఉద్యోగం పోయి నువ్వు సోఫాలో పడుకుని ఇంటి కప్పు చూస్తూ గడిపిన ఏడాది, ఆ కప్పుకి అద్దె కట్టింది ఆ పొయ్యే.

కాబట్టి నిజం రాయి. అబద్ధమే రాయాలనుకుంటే కనీసం పాస్ మార్కులు వేయగలిగేట్టు రాయి. పొయ్యి కొంటానని పక్క వీధి పళ్ళ ల్యాబు ఆయన ఈ ఆదివారం వస్తానన్నాడు. అమ్మాయి సరేనంది. నువ్వు చెప్పావు, తను నమ్మింది. అంత నమ్మకం చూస్తుంటే నాకే సిగ్గేస్తోంది.

కోపం తగ్గలేదు. ఆశీస్సులు లేవు.

ఇట్లు,
నీ నానమ్మ


నా బంగారు చంటికి,

బంగారం అనడం అలవాటై రాశాను. గిల్టు అని ఇవాళే తెలిసింది.

నీ జవాబు చదివాను. మొత్తానికి నిజమే రాశావు. చదివాక, అబద్ధమే నయం అనిపించింది. పొయ్యి అక్కడ భేషుగ్గా పనిచేస్తుందట. పని చేయకూడనిది అమ్మాయట! నీ వెంట వచ్చే మనిషిగా వీసా పెట్టించావు. దాని మీద వచ్చినవాళ్ళు ఉద్యోగం చేయకూడదు, ఇంట్లో కూర్చుని నాలుగు పళ్ళు చేసి అమ్మకూడదు. ఆ దేశంలో అడుగు పెట్టాక మూడేళ్ళదాకా మార్చరు కూడా. పని చేసుకోనిచ్చే వీసా ఇంకోటి ఉంది, కాకపోతే దానికి అయిదారు నెలలు ఆగాలి. నువ్వు ఆగలేదు. "అన్నాళ్ళు ఒక్కణ్ణే ఉండలేను నానమ్మా, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటోంది" అని రాశావు. నిశ్శబ్దానికేగా హోమ్ థియేటర్ తెప్పించుకుంటున్నావు, చాలదా?

నువ్వు ఒంటరిగా ఉన్నావంటే నాకు బాధ లేదనుకోకు. మీ తాతయ్య పోయాక నేను రేడియోకి జవాబులు చెప్పేదాన్ని. నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు నువ్వు నేర్పక్కర్లేదు. నువ్వు "ఉండలేకపోతున్నాను, వచ్చెయ్" అని అమ్మాయితో అని ఉంటే, బహుశా పొయ్యి తనే అమ్ముకుని వచ్చేదేమో. ఆ మాట అనడానికి నోరు రాలేదు. దానికి బదులు వోల్టేజి పడదన్నావు. తన మూడేళ్ళ పని తీసేస్తూ, తీసేస్తున్నట్టు తనకి తెలియకుండా చూసుకున్నావు. జేబు కత్తిరించేవాడు కూడా అంతేరా, కాకపోతే వాడు మొగుణ్ణని చెప్పుకోడు.

ఇంకో వాక్యం రాశావే, అది చదివాక నేను మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. "తనకి ఇప్పుడే చెప్పకు నానమ్మా. ఇక్కడికి వచ్చాక నేనే మెల్లిగా చెబుతాను." మెల్లిగా! పొయ్యి అమ్ముడుపోయి, ఇల్లు ఖాళీ చేసి, విమానం దిగి, తాళం వేసిన తలుపు లోపల నిలబడ్డాక మెల్లిగా చెబుతావా? అప్పుడు మెల్లిగా చెబితేనేం, మైకులో చెబితేనేం? పైగా నన్ను కాపలా పెడుతున్నావు. నీ రహస్యం మీద కూర్చుని, రోజూ అమ్మాయి ఇచ్చే కాఫీ తాగాలి. నీ చిన్నప్పుడు నువ్వు పగలగొట్టిన అద్దాలకి పిల్లిని చూపించి నిన్ను కాపాడాను నిజమే. ఇప్పుడు ఇంట్లో పిల్లి లేదు. ఉన్నా, దానికి వీసాల సంగతి తెలియదు.

చివరిసారి చెబుతున్నాను. శనివారం ఫోన్ చేస్తావుగా, అప్పుడు నీ నోటితో నువ్వే చెప్పు. చెప్పకపోతే ఆదివారం ల్యాబు ఆయన గుమ్మం ఎక్కకముందే నేను చెబుతాను. ఇంకో సంగతి. నువ్వు తప్పు దిద్దుకునేదాకా నీ టీవీ, స్పీకర్లు, ఆ పరుగుల పట్టా ఏవీ ఈ ఇల్లు దాటవు. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నన్ను కూడా చెక్కపెట్టెలో పెట్టించాలనుకుంటే చెప్పు, కొలతలు పంపిస్తాను.

ఇట్లు,
నువ్వు తక్కువ అంచనా వేసిన
నానమ్మ


చంటీ, నాన్నా,

శనివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను పక్క గదిలోనే ఉన్నాను. అక్కడ చలి ఎక్కువగా ఉందన్నావు. టీవీ ఏ గోడకి పెట్టాలో అడిగావు. "ఇంకేంటి?" అని నాలుగుసార్లు అన్నావు. అన్నప్పుడల్లా ఇక చెబుతాడు అని నేను కుర్చీ అంచుకి జరిగాను. కింద పడకపోవడం నా అదృష్టం. నువ్వు చెప్పలేదు. పెట్టేశావు.

మర్నాడు పొద్దున్నే నేను చెప్పాను. అమ్మాయి అప్పుడు ఒక పాటల మాస్టారికి ముందు పన్ను కడుతోంది. నేను చెబుతున్నంతసేపూ కుంచె ఆగలేదు. మొత్తం విన్నాక పన్నుని పొయ్యిలో పెట్టి, మూత దించి, ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. అది కాలి, చల్లారి బయటికి వచ్చేదాకా దాన్నే చూస్తూ ఉంది.

"మీకు ఎప్పుడు తెలిసింది నానమ్మగారూ?" అంది.

"బుధవారం."

"ఇవాళ ఆదివారం."

"వాడే చెబుతాడని ఆగాను."

"నాలుగు రోజులు నేను ఇచ్చిన కాఫీ బాగానే తాగారు కదా?"

నిన్ను తిట్టడానికి దాచుకున్న మాటలు కొన్ని నాకూ సరిపోయాయి. నువ్వు ఆశ్చర్యపోవద్దు, అప్పుడప్పుడూ జరుగుతుంది.

తర్వాత అమ్మాయి అన్నది నీకు తెలియాలి. "వోల్టేజి పడదంటే నమ్మాను. ట్రాన్స్‌ఫార్మర్ ఏదైనా దొరుకుతుందేమోనని మూడు షాపులు తిరిగాను. దొరికింది. ఆయనకి ఫోన్ చేసి సంతోషంగా చెప్పాను. 'ఎందుకే అంత బరువు' అన్నారు. నేను దారి వెతుకుతుంటే ఆయన నవ్వుకున్నారా నానమ్మగారూ?"

"నవ్వుకుని ఉండడమ్మా, భయపడి ఉంటాడు. నవ్వడానికైనా కాస్త ధైర్యం కావాలి" అన్నాను.

అమ్మాయి లేచి ల్యాబు ఆయనకి ఫోన్ చేసింది. "అన్నగారూ, రావద్దండి. పొయ్యి అమ్మడం లేదు. ఏం అనుకోకండి" అంది. ఆ తర్వాత నీకు ఫోన్ చేసింది. తలుపు వేసుకుంది, మీరేం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వినాలని లేదని మాత్రం అనను. బయటికి వచ్చి, "ప్యాకర్లని మంగళవారం రమ్మన్నాను" అని చెప్పి మొహం కడుక్కుంది. ఈ పిల్ల ఆ వీసా మీదే వెళ్ళిపోతోంది, వాడు గెలిచాడు అనుకున్నాను.

మంగళవారం ప్యాకర్లు నలుగురూ రాగానే, చెప్పినట్టే గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాళ్ళ మేస్త్రీ మర్యాదస్తుడు. "పెద్దమ్మగారూ, మీ కుర్చీ కూడా సామాన్లోదేనా?" అని అడిగాడు.

"కుర్చీ ఒక్కటే కాదు, టీవీ కూడా వెళ్ళడం లేదు. మనవడు బుద్ధి తెచ్చుకునేదాకా అది నా దగ్గర తాకట్టు" అన్నాను.

అమ్మాయి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "లేవండి నానమ్మగారూ. అన్నీ వెళ్ళనివ్వండి. ఇంట్లో లేని మనిషి సామాను ఇంట్లో ఎందుకు?"

నేను లేచాను. టీవీ వెళ్ళింది. స్పీకర్లు వెళ్ళాయి, ఒక్కటి కూడా తగ్గలేదు. ట్రెడ్‌మిల్ విప్పి, ఏ స్క్రూకి ఆ స్క్రూని పొట్లాం కట్టి, ఏది ఎక్కడ బిగించాలో పొట్లం మీద కూడా అమ్మాయే రాసింది. కాఫీ మిషన్‌ని తన పాత శాలువాలో చుట్టింది. నేనైతే గోనెలో వేసేదాన్ని. అంతా అయ్యాక మేస్త్రీ పొయ్యి వైపు చూసి, "ఇది కూడా ఎక్కించాలా అమ్మా?" అన్నాడు.

"అక్కర్లేదన్నా."

"మరి మీ పెట్టెలు?"

"నావి ఏమీ లేవు."

మేస్త్రీ నా వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. నీకు అమ్మాయి ఫోన్‌లో చెప్పే ఉంటుంది, కాని నువ్వు నమ్మి ఉండవు. కంటెయినర్ వస్తోంది చంటీ. అందులో నువ్వు అడిగినవన్నీ ఉన్నాయి. అడగనిది ఒక్కటే లేదు.

ఆ సాయంత్రం అమ్మాయీ నేనూ కలిసి పొయ్యిని వెనక గదిలోంచి హాల్లోకి తెచ్చాం. టీవీ ఉన్న చోట, కిటికీ పక్కన పెట్టాం. పెట్టాక అమ్మాయి పరదా పూర్తిగా లాగేసింది. టీవీ మీద వెలుగు పడుతుందని ఇన్నేళ్ళూ ఆ పరదా మూసే ఉంచావు గుర్తుందా? పంటి రంగు ట్యూబ్‌లైట్ కింద తేలదట, పగటి వెలుతురులోనే తేలుతుందట. అందుకని ప్రతి పన్నునీ చేతిలో పట్టుకుని మేడ మెట్లెక్కి చూసుకుని వచ్చేదట. మోకాళ్ళ నొప్పని నేను ఆ మెట్లు మానేసి చాలాకాలమైంది, అందుకే ఎప్పుడూ చూడలేదు. నువ్వు రోజూ చూశావు. "మాటిమాటికీ ఎందుకే ఆ తిరుగుడు?" అని విసుక్కున్నావట కూడా. నిన్న పాటల మాస్టారి పన్నుని కూర్చున్న చోటే కిటికీ వైపు తిప్పి చూసింది. "ఇంకొంచెం పసుపు పడాలి" అని తనలో తనే అనుకుని, నవ్వి, కుంచె తీసుకుంది.

పాత దరఖాస్తు వెనక్కి తీసుకున్నానని, పని చేసుకోనిచ్చే వీసాకి పెట్టానని నాకు మెసేజ్ పంపావు. మంచిది. కాని ఆ సంగతి నాకు పంపితే ఏం లాభం? అది వచ్చాక అమ్మాయి వస్తుందా, రాదా, పొయ్యి తెస్తుందా, తేదా అని నన్ను అడుగుతున్నావు. నాకు తెలియదు. తెలిసినా చెప్పను. నేను నీకూ తనకీ మధ్య తీగని కాదు. నువ్వు పెళ్ళానికి ఇది పంపు, అది అమ్ము అని చాలా చెప్పావు. ఏం చెయ్యమంటావు అని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడుగు. పొయ్యి మూత దించి ఉన్నప్పుడు ఫోన్ ఎత్తదు. ఎత్తేదాకా చెయ్యి. ఏం చెప్పినా అడ్డురాకుండా విను.

ఇట్లు,
నానమ్మ